నీలవేణి హస్తవాసి, రెండేళ్ళ చదువు

2018 వేసవిలో నన్ను హెడ్ నర్సుగా శ్రీకాకుళం జిల్లాలోని ఒక ఏరియా ఆసుపత్రికి బదిలీ చేసి, డయాలసిస్ విభాగం అప్పగించారు. మాది నెల్లిమర్ల. అంతవరకూ నా ఉద్యోగం చాలాభాగం ప్రసూతి వార్డుల్లోనే గడిచింది. అక్కడికి వచ్చిన మనిషి నాలుగు రోజుల్లో బిడ్డనెత్తుకుని వెళ్ళిపోతుంది. డయాలసిస్‌కి వచ్చేవాళ్ళు మాత్రం వస్తూనే ఉంటారు. ఉద్దానం వైపు కిడ్నీ జబ్బు సంగతి అందరికీ తెలిసిందే. వారానికి రెండు మూడు సార్లు, ఏళ్ళ తరబడి అవే మంచాల మీద పడుకుని వాళ్ళలో వాళ్ళు చుట్టాలైపోతారు. మమ్మల్నీ కలిపేసుకుంటారు. జీడిపప్పూ పెడతారు, తిట్లూ పెడతారు.

ఈ పని తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. ముందుగా రోగి చేతికి చిన్న ఆపరేషన్ చేసి ధమనిని సిరతో కలుపుతారు. దాన్ని ఫిస్టులా అంటాం. కొన్ని వారాలకి ఆ సిర లావెక్కుతుంది, వేలు ఆనిస్తే లోపల రక్తం జుమ్మని పారడం తెలుస్తుంది. ప్రతి విడత డయాలసిస్‌కీ అందులో రెండు లావుపాటి సూదులు గుచ్చాలి. ఒకదాంట్లోంచి రక్తం యంత్రంలోకి పోతుంది, శుభ్రపడ్డాక రెండోదాంట్లోంచి తిరిగి వస్తుంది. సూది సిర అవతలి గోడ దాటిందంటే రక్తం చర్మం కిందికి దిగి చెయ్యి వాచి నల్లబడుతుంది. రోగులందరూ భయపడేది ఆ రెండు పోట్లకే.

మా స్టాఫ్ నర్సు నీలవేణిది కోటబొమ్మాళి. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. ఆవిడ సూది వేస్తే రోగి చెబుతున్న కబురు కూడా ఆగేది కాదు. మా వైపు మందును ఎంత నమ్ముతారో హస్తవాసిని అంతకంటే ఎక్కువ నమ్ముతారు. నీలవేణి డ్యూటీ చార్టు నాకంటే ముందు వాళ్ళకే తెలిసేది. ఆవిడ ఉన్న షిఫ్టు కోసం ఒకరితో ఒకరు వంతులు మార్చుకునేవారు. ఇంకో నర్సు సూది పట్టుకుంటే చాలు, సముద్రం మీద వేటకెళ్ళి తుఫానుల్లోంచి తిరిగి వచ్చిన ముసలి మత్స్యకారుడు, మా రోగి సింహాచలం కూడా కళ్ళు గట్టిగా మూసుకుని ఇలవేల్పులందరినీ పేరుపేరునా పిలిచేవాడు.

అటువంటి నీలవేణికి ఆ ఏడాది విశాఖపట్నంలో పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. నర్సింగ్ సీటు వచ్చింది. డిప్లొమా మీద ఉద్యోగం చేస్తున్న నర్సులు చేసే రెండేళ్ళ డిగ్రీ ఇది. నేను సిఫారసు చేస్తే ఆసుపత్రి సూపరింటెండెంటు రిలీవ్ చేస్తారు. వచ్చే ఏడాదికి ఆవిడ వయోపరిమితి దాటిపోతుంది కాబట్టి వెళితే ఇప్పుడే వెళ్ళాలి. వెళ్ళడం అవసరమా అన్నదే ప్రశ్న.

నా లెక్కలో అవసరం లేదు. స్టాఫ్ నర్సు హెడ్ నర్సు కావడానికీ, హెడ్ నర్సు నర్సింగ్ సూపరింటెండెంటు కావడానికీ మాకు సీనియారిటీ చాలు. నాకున్నది డిప్లొమాయే, దాంతోనే నర్సింగ్ సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ఆ డిగ్రీ కచ్చితంగా కావలసింది నర్సింగ్ స్కూల్లో ట్యూటర్‌గా పాఠం చెప్పాలంటేనే. ఈ వయసులో హాస్టల్లో పడి, కూతురి ఈడు పిల్లల పక్కన కూర్చుని పరీక్షలు రాయడం ఎందుకని అడిగాను. నవ్వి, తర్వాతి రోగి దగ్గరికి వెళ్ళింది.

వార్డులో కబురు పొక్కింది. దాలమ్మ అని కంచిలి వైపు నుంచి వచ్చే రోగి, రైతు కుటుంబం మనిషి, ఆవిడ నోటికి మేమందరం భయపడేవాళ్ళం. "సదవేత్తే ఉన్న మతి పోయిందంట! నీకేటి తక్కువైందే అమ్మీ, ఈ వయసులో బడికెల్తావా?" అని నిలదీసింది. సింహాచలం, "మా సెయ్యి పట్టుకుని ఇన్నాళ్ళు నడిపించి ఇప్పుడు వొగ్గేసి ఎల్లిపోతావేటి?" అన్నాడు. పక్కనే ఉన్న ఆయన భార్య, తన చెయ్యి పట్టుకున్నప్పుడు కూడా ఆయన ఇంత బెంగపడలేదని దెప్పింది. వార్డంతా నవ్వింది, నీలవేణి తప్ప.

ఆ తర్వాత ఇంట్లో పెళ్ళికని నీలవేణి వారం సెలవు పెట్టింది. దాలమ్మ ఎప్పటిలా వచ్చి, నీలవేణి లేదని చూసి, వేరేవాళ్ళ చేత సూది వేయించుకోనని ఇంటికి వెళ్ళిపోయింది. తర్వాతి విడతకీ రాలేదు. డయాలసిస్ మానేస్తే ఒంట్లో నీరు ఊపిరితిత్తుల దాకా చేరుతుంది. ఊపిరాడని స్థితిలో అంబులెన్సులో తెచ్చారు. బతికింది. నీలవేణి సెలవు మధ్యలోనే పరుగెత్తుకొచ్చి ఆవిడని చూసింది. అక్కడి నుంచి నా గదికి వచ్చి, సీటు వదిలేస్తానని చెప్పింది.

నేను సరేననలేదు. సీటు సంగతి ఎలా ఉన్నా, ఒక్క మనిషి సెలవు పెడితే రోగి ప్రాణం మీదికి వచ్చే విభాగాన్ని నేను నడపలేను. కొత్తగా చేరిన నర్సు సంధ్యకి ఫిస్టులా పని నేర్పమని నీలవేణికి ఉత్తర్వు ఇచ్చాను. సంధ్య విజయనగరం పిల్ల, డిగ్రీ చదివే వచ్చింది గానీ డయాలసిస్ పని కొత్త. ప్రతిదానికీ ఎందుకని అడుగుతుంది. నిన్నటి చోటికి ఇంత దూరంలోనే ఎందుకు, సూది ఈ వాలులోనే ఎందుకు, ఈ చేతికి ఒకలా ఆ చేతికి ఒకలా ఎందుకు? నీలవేణి, "అక్కడ సూది ఒప్పదు" అనేది. ఎందుకొప్పదంటే మళ్ళీ అదే మాట. ఇద్దరికీ విసుగొచ్చింది. రెండు వారాలకి సంధ్య నేర్చుకున్నది తక్కువే.

ఒక మధ్యాహ్నం నీలవేణి నా ముందు కూర్చుంది. "ఇన్నేళ్ళు సేస్తన్నాను గానీ, ఎందుకలగ సేస్తన్నానో సెప్పమంటే మాట రాలేదు సిస్టర్. నాకు సదవాలనే ఉన్నాది. కానీ దాలమ్మ మల్లీ మానేత్తే?" అంది. ఏ రూల్సులోనూ ఆ ప్రశ్నకి జవాబు ఉండదు.

జవాబు సింహాచలం దగ్గర దొరికింది. ఈ గొడవంతా మంచం మీద నుంచి చూస్తున్న ఆయన, మర్నాడు తన విడతలో సంధ్యని పిలిచి చెయ్యి చాపాడు. "ముందు నా సెయ్యి మీద నేర్సుకో. నీలవేణిని పక్కన నిలబడమను, సెయ్యి పెట్టొద్దను," అన్నాడు. డాక్టరు గారి అనుమతి తీసుకుని ఒప్పుకున్నాను. మొదటి సూది బాగానే దిగింది. రెండోది గోడ దాటింది. చెయ్యి వాచింది. సంధ్య ఏడ్చేసింది. మంచు గడ్డలు పెట్టి, వాపు లేని చోట నీలవేణి సూది వేసి ఆ పూట గట్టెక్కించింది. ఇక ఈయన రాడనే అనుకున్నాను.

వచ్చాడు. నల్లగా కమిలిన చెయ్యి దాలమ్మకి కనిపించేలా పెట్టుకుని, సంధ్యనే పిలిచాడు. "కెరటం కొట్టిందని వేట మానేత్తామేటి? రాయే," అన్నాడు. కళ్ళు మాత్రం గట్టిగా మూసుకున్నాడు. ఈసారి రెండు సూదులూ సరిగ్గా దిగాయి. ఆ ముసలాయన మీద ఆ క్షణం నాకెంత ప్రేమ పుట్టిందో, హోదా అడ్డొచ్చి చెప్పలేదు గానీ, కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. మూడు విడతలు చూశాక దాలమ్మ తిడుతూనే తన చెయ్యి కూడా సంధ్యకి ఇచ్చింది.

నేను సిఫారసు రాశాను. నీలవేణి వెళ్ళింది. అక్కడి నుంచి ఫోను చేసినప్పుడల్లా సంధ్యకి తను ఇవ్వలేకపోయిన జవాబులు పుస్తకాల్లో వెతికి ఒక్కొక్కటీ చెప్పేది. ఒకే చోట పదేపదే గుచ్చితే సిర గోడ పలచబడి బుడగలా ఉబ్బుతుందనీ, అందుకే తను తెలియకుండానే చోటు మారుస్తూ వచ్చిందనీ చిన్నపిల్లలా సంబరపడుతూ చెప్పింది. ఆవిడ రెండో ఏడు చదువుతుండగా సింహాచలం గుండె ఆగి చనిపోయాడు. నీలవేణి అంత్యక్రియలకి వచ్చి, సాయంత్రం బస్సుకి పరీక్ష రాయడానికి తిరిగి వెళ్ళింది.

చదువయ్యాక ఆవిడ మా విభాగానికి రాలేదు, నర్సింగ్ స్కూల్లో ట్యూటర్‌గా వేశారు. దాలమ్మ అందుకు ఆవిడని ఇప్పటికీ క్షమించలేదు. జీతంలో చెప్పుకోదగ్గ తేడా కూడా రాలేదు.

రిటైరయ్యాక కూడా నర్సు పిల్లలు డిగ్రీ చెయ్యమంటారా అని నన్ను అడుగుతుంటారు. ప్రమోషన్ కోసమైతే రూల్సు చదువుకోమంటాను, డిగ్రీ అక్కర్లేదని అక్కడ స్పష్టంగానే ఉంది. చేస్తున్న పనిలో జవాబు తెలియని ప్రశ్న ఏదైనా ఉందా అని అడుగుతాను. ఉంటే వెళ్ళమంటాను, లేకపోతే ఆగమంటాను. డిగ్రీ వల్ల నీలవేణి చెయ్యి కొత్తగా బాగుపడలేదు, అది ముందునుంచీ మంచిదే. అప్పట్లో ఆవిడ సెలవు పెడితే ఆగిపోయిన పని, ఇప్పుడు ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లల చేతుల మీదుగా, ఆవిడ ముఖం కూడా ఎరగని రోగుల దగ్గర జరుగుతోంది.