రాయలు గెలిచాడా, గెలిచారా?

ఒరేయ్, మన టెన్త్ బ్యాచ్ గ్రూపులో పొద్దున నామీద పడ్డవాళ్ళంతా ఇది చదవండి. నేను రాసిందేమిటి? కొండవీడు కోటని కృష్ణదేవరాయలు గెలిచాడు, ప్రతాపరుద్ర గజపతి పోగొట్టుకున్నాడు అని. అంతే! ‘మా రాజుని పట్టుకుని గెలిచాడు అంటావా? గెలిచారు అనలేవా?’ అని ఒకడు. ‘గజపతికి మాత్రం మర్యాద అక్కర్లేదా?’ అని ఇంకొకడు. సోషల్ పుస్తకంలో మనమంతా ‘డు’ అనే కదరా చదివాం!

గుర్తుందా, మా కల్లంలో ఎర్రగా పరిచిన మిరపకాయల ఘాటుకి తుమ్ముతూ ఈ రాజులిద్దరి పోలికలు బట్టీ పట్టడం? రాయలు గుళ్ళు కట్టించాడు, కవుల్ని పోషించాడు. గజపతి కోటలు పోగొట్టుకుని, చివరికి కూతుర్నిచ్చి సంధి చేసుకున్నాడు. రంగుపోయి తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతున్న మా నాయనమ్మ అదంతా విని, “ఎవడు గొప్పోడైతే ఏందిరా? వాళ్ళిద్దరూ కొట్టుకుంటుంటే ఈ చేలల్లో పైరు తొక్కిందెవడంట?” అంది.

“పుస్తకంలో లేదు నాయనమ్మా” అన్నాం.

“ఉండదులే” అని, పక్కకి తిరిగి, కూలికొచ్చిన ఆవిడతో “రత్తమ్మగారూ, ఎండెక్కింది, కాస్త మజ్జిగ తాగండి” అంది.

రాజులిద్దరికీ ‘డు’. రత్తమ్మకి ‘గారు’.

రాయలకి మర్యాద అడిగిన పెద్దమనిషీ, మొన్న నీ కల్లానికి వచ్చాను కదా. కాయలు ఏరుతున్న మీ అమ్మ వయసు మనిషిని ‘ఏయ్, ఇటు రావే’ అని పిలిచావు. ముందు ఆ ‘ఏయ్’ మానరా. నా ‘డు’ సంగతి తర్వాత చూద్దాం.