సిద్ధమ్మ 'ఐవా'

సిద్ధమ్మది రాయచోటి దగ్గర పల్లె. కువైట్‌లోని మిష్రిఫ్‌లో ఒకే ఇంట్లో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తోంది. ఇంటావిడను మామా అంటుంది. మామా మాట పూర్తికాకముందే 'ఐవా', అంటే అవును, అనడం ఆమెకు అలవాటైపోయింది. ఖైతాన్‌లో నా టైలరింగ్ షాపుకొచ్చి జాకెట్టు కొలతలిచ్చేటప్పుడూ అంతే. చేతులు పొడుగు పెట్టేదా, పొట్టి పెట్టేదా అని అడిగినా ఐవాయే. అందరం ఆటపట్టించేవాళ్లం, అందరికంటే నేనే ఎక్కువ.

మా కడప వైపు వాళ్ల తగాదాలు శుక్రవారం పూట నా షాపులోనే తేలుతాయి. ముగ్గుర్ని కూర్చోబెడతాం, అందులో ఇద్దరి మాటే తీర్పు. వాళ్లను కూర్చోబెట్టే ముందు ప్రశ్నలడగడం నా పని. చుట్టరికం ఉందా, ముందే ఏదైనా అనుకుని వచ్చావా, వీళ్లవల్ల నీకెప్పుడైనా బాధ కలిగిందా. మనిషి మొహం చూస్తే నిజమో కాదో ఈ గౌస్‌కు తెలిసిపోతుందని నాకు మహా పొగరు.

ఆ శుక్రవారం తగాదా డ్రైవర్ రామాంజులుది. పనిచేసే ఇంటినుంచి పారిపోయి మా పై అంతస్తులో తలదాచుకున్న అతని ఊరి గంగాదేవిని పోలీసులు పట్టుకుని ఊరికి పంపేశారు. ఆచూకీ చెప్పింది రామాంజులేనని అతని గదిలోవాళ్లు పట్టుబట్టారు. అదే నిజమని తేలితే అతనికి గదిలో చోటుండదు, మావాళ్లెవరూ పలకరించరు. ఆడమనిషి సంగతి కాబట్టి ముగ్గురిలో ఒక ఆడమనిషి ఉండాలన్నాను. సిద్ధమ్మకు ఆరోజు సెలవు, ఆమెనే పిలిచాను.

"రామాంజులు నీకేమన్నా సుట్టమా?" అనడిగాను.

"ఐవా," అనేసి నాలుక కరుచుకుంది. "కాదన్నా, కాదు."

అందరూ నవ్వారు.

"ముందే ఏమన్నా అనుకోని వస్తివా?"

"లేదన్నా."

"ఆయప్పవల్ల నీకెప్పుడన్నా బాధ కలిగిండాదా?"

"ఐవా."

షాపంతా గొల్లుమంది. నేనూ కడుపు పట్టుకుని నవ్వాను. "నీ ఐవా పాడుగాను, పోయి కూర్చో," అన్నాను. ఆమె నా వైపు ఒకసారి చూసి, వెళ్లి కూర్చుంది.

మిగతా ఇద్దరిలో చిన్నపుల్లయ్య, రామాంజులు తప్పు లేదన్నాడు. నూర్ బాషా ఉందన్నాడు. సిద్ధమ్మ తలెత్తకుండా, "ఉంది," అంది.

రామాంజులు అల్ రాయ్‌లో ఒక గోడౌన్‌లో రెండు నెలలు పడుకున్నాడు. పలకరించే దిక్కు లేక ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, రద్దు చేయించుకుని ఊరెళ్లిపోయాడు.

తర్వాత గంగాదేవి ఊరినుంచి నాకు ఫోన్ చేసింది. "ఎవురూ చెప్పలేదన్నా. పాస్‌పోర్టు ఇయ్యమని నేనే మా ఇంటి మామాకు ఫోన్ చేస్తి. యాడుండానో నా నోటితోనే చెప్తి," అంది.

సిద్ధమ్మను పిలిపించి ఈ మాట చెప్పాను. అప్పుడు చెప్పింది. ఆరేళ్ల కిందట రామాంజులు కూడా ఆమె పనిచేసే ఇంట్లోనే డ్రైవరు. ఆమె తల్లి చనిపోయిన కబురు అతని ఫోనుకే వచ్చింది. ఆ ఇంట్లో పెళ్లి జరుగుతోందని, పని చెడుతుందని, రెండు రోజులు దాచాడు.

"మట్టి చేసినాక చెప్పెన్నా. ముందే చెప్పింటే ఫోన్‌లోనన్నా మాయమ్మ మొగం చూసుకుందును."

"మరి ఆ పొద్దు నాకు చెప్పలేదే?"

"నువ్వడిగితివి, నేను చెప్తి. మీరంతా నవ్వితిరి."

ఎదుటివాళ్ల మొహాలు చదివే నాకు ఆ క్షణంలో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె అక్కడితో ఆగలేదు.

"మల్లా అయినా చెప్పిండొచ్చు. చెప్తే తీర్పులో కూర్చోనీకుండా లేపేస్తావని ఊరకుంటి. మీరు నవ్వితే నాకు సంతోషమాయ."

అని ఏడ్చింది. తప్పులో సగం తనమీద వేసుకుంది కానీ, నా సగం నాకు తగ్గలేదు. ఇద్దరం కలిసి రామాంజులుకు ఫోన్ చేశాం. తప్పు మాదేనన్నాం, మనవాళ్లందరికీ చెబుతామన్నాం, మళ్లీ రమ్మన్నాం. అతను అంతా విన్నాడు. కోప్పడలేదు.

"అన్నా, నేనే పట్టిచ్చినానన్న మాట నాకంటే ముందే ఊరు చేరింది," అన్నాడు. "ఈడ గంగాదేవి కాదని చెప్పినా వాళ్లమ్మ నమ్మక, నన్ను చూస్తే వాకిలి మూసుకుంటాంది."