చూడకుండా రాసిన బీపీ

గౌనిపల్లి వైపు ఒక ఊళ్ళో చాలాకాలం అందరూ నమ్మిన సంగతి ఒకటుంది. కొందరు ఇప్పటికీ నమ్ముతున్నారు. పట్టుపురుగులు పెంచే ఒక ఇంటావిడకు పక్షవాతం వచ్చింది. దానికి అయిదు రోజుల ముందు ఆ ఊరి ఆశా కార్యకర్త బీపీ చూడకుండానే చూసినట్టు కార్డులో రాసిందని వాళ్ళ నమ్మకం. రాసింది ఆమె కాదు, నేను. ఆ రోజు ఆమె ఊళ్ళోనే లేదు.

నేను కోలారు బంగారు గనుల దగ్గర కార్మికుల లైన్ ఇళ్ళలో పుట్టి పెరిగినవాణ్ణి. తాత చిత్తూరు వైపు నుంచి గనిలో పనికి వచ్చాడు. నాన్న కూడా అందులోనే దిగాడు. గనులు మూతపడేసరికి నేను నర్సింగ్ డిగ్రీ చదువుతున్నాను. తర్వాత పదిహేనేళ్ళకు పైగా రోజూ రైల్లో బెంగళూరు వెళ్ళి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేశాను. పల్లెల్లో ఆరోగ్య కేంద్రాలకు నర్సింగ్ డిగ్రీ ఉన్నవాళ్ళను తీసుకుంటున్నారని తెలిసి పరీక్ష రాశాను. కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది. అలాంటి కేంద్రంలో డాక్టరు ఉండడు. బీపీ, షుగర్ చూడడం, మాత్రలు ఇవ్వడం, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపడం నా పని.

జీతం రెండు ముక్కలుగా ఉండేది. ఒకటి నెలనెలా వచ్చేది, రెండోది ప్రోత్సాహకం. ఆ రెండోదానికి అర్హత నిలబెట్టుకోవాలంటే కొన్ని పనులు అనుకున్న మేరకు జరిగినట్టు ట్యాబ్‌లో కనిపించాలి. గర్భిణుల పరీక్షలు, క్షయ అనుమానం ఉన్నవాళ్ళ కఫం పంపడం, యోగా తరగతులు అందులో ఉండేవి. అన్నిటికన్నా కష్టమైనది బీపీ, షుగర్ ఉన్నవాళ్ళను ప్రతినెలా తప్పకుండా మళ్ళీ చూడడం. ఒక్కరు తగ్గినా ట్యాబ్‌లో ఆ పనికి ఎదురుగా ఉన్న గడి ఎర్రగా ఉండిపోయేది. ఆశా కార్యకర్తకు కూడా అందులో కొంత వాటా ఉండేది.

ఇంట్లో ఇబ్బందులుండి ఆ పని చేశానని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. నా భార్య స్కూల్లో టీచరు, మాకు జరుగుబాటుకు లోటు లేదు. నెలాఖరు మీటింగులో గడులన్నీ పచ్చగా ఉన్న కేంద్రాల పేర్లు పైకి చదివేవారు. మా కేంద్రం పేరు వరుసగా పదకొండు నెలలు చదివారు. పన్నెండో నెల ఆగిపోకూడదని నా పట్టుదల. అంతే.

ఆశా కార్యకర్త నాకంటే నాలుగేళ్ళు చిన్నది. నోరు గట్టిది. నేను చేరిన మొదటి రోజే అంది: "ఏం సార్, మీ గనిలో బంగారం అయిపోయిందని మా ఊళ్ళో బీపీ తవ్వను వచ్చినారా?" ఏ ఇంట్లో ఎవరు మాత్రలు మింగుతారో, ఎవరు మింగినట్టు నటిస్తారో ఆమెకు తెలుసు.

ఆ నెల చివర్లో ఆమె అక్క కూతురి నిశ్చితార్థం మాలూరులో జరిగింది. వెళ్ళే ముందు కేంద్రానికి వచ్చింది.

"సార్, రెండు దినాలు మాలూరుకు పోవల్ల."

"పోయి రామ్మా. నేను చూసుకుంటాను."

"ఆకుతోట ఇంటామెకు తల తిరగతా ఉండాదంట. పొయ్యి చూడండి. పురుగు లేచినాది, లోపలికి రానీదు. బయట కూసోనుండి చూడండి. వదలొద్దండి సార్."

పురుగు లేవడం అంటే చెప్పాలి. పట్టుపురుగు పెరిగేలోగా నాలుగుసార్లు మేత మానేసి పడుకుంటుంది. దాన్ని ఇక్కడ జ్వరం అంటారు. నాలుగో జ్వరం నుంచి లేచాక వారం రోజులు దానికి ఎంత మల్బరీ ఆకు వేసినా చాలదు. ఆ వారం పరాయివాళ్ళను గడప తొక్కనివ్వరు. పౌడరు, బీడీ, స్పిరిట్, ఏ వాసనా పురుగుకు పడదంటారు. ఆశా కార్యకర్త ఆ వారంలో వాళ్ళ ఇళ్ళకు వెళ్తే చేతులకు శానిటైజర్ రాసుకునేది కాదు. అరుగు మీద కూర్చుని పిలిచి, ఇంటామె ఆకు వేసి వచ్చేదాకా ఆగేది. గంటైనా ఆగేది.

నేను నెల చివరి రోజు మధ్యాహ్నం వెళ్ళాను. బీపీ గడి నిండడానికి ఇక ఆ ఇంటామె పేరొక్కటే మిగిలింది.

"అమ్మా, రెండు నిమిషాలు బయటికి రా. బీపీ చూడాలి."

ఆమె తలుపు సగం తీసి నిలబడింది. చేతుల నిండా ఆకు.

"ఆడే ఉండప్పా. నీ చేతిలో మందు వాసన. పురుగు ఆకు ముట్టదు."

"అరుగు మీదే చూస్తానమ్మా."

"ఇంగా మూడు తట్టలకు ఆకు వెయ్యల్ల. మా ఆయప్ప తోటలో ఉండాడు. కూసోనుండు, వస్తాను. లేదంటే గూడు కట్టినంక నేనే వస్తాలే."

"తల తిరుగుతోందంట?"

"పురుగు లేచినప్పుడు ఎవరికి తిరగదప్పా? నిద్ర యాడుండాది? కార్డు కావల్నా, ఇదో."

తలుపు పక్క కిటికీలో ఉన్న కార్డు తీసి ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది. నేను అరుగు మీద కూర్చున్నాను. శ్రీనివాసపురం బస్సుకు పావుగంట ఉంది. కొంచెంసేపు ఆగాను. తర్వాత కార్డు తెరిచి, కిందటి నెల వరుస కింద 130/80 అని రాశాను. ఎవరు చూశారో రాసే గడి ఒకటుంటుంది. ఇంటికి వెళ్ళి చూస్తే అక్కడ ఆశా కార్యకర్త పేరు రాయడం మా అలవాటు. ఆమె పేరే రాశాను. ఆమె ఖాతాలో కూడా ఒక సందర్శన పడుతుంది, మేలే చేస్తున్నాననుకున్నాను. ట్యాబ్‌లో ఎక్కించగానే గడి పచ్చబడింది. కార్డు కిటికీలో పెట్టి వెళ్ళి బస్సెక్కాను.

అయిదో రోజు పొద్దున ఆ ఇంటావిడ ఆకుతోటలో పడిపోయింది. కోలారు తీసుకెళ్ళారు. ప్రాణం దక్కింది కానీ కుడిచెయ్యి, మాట పోయాయి. ఆసుపత్రిలో కార్డు చూసిన డాక్టరు, మొన్ననే బీపీ బాగుంది కదా, ఎవరు చూశారని అడిగాడట. కార్డులో ఉన్న పేరు చదివి ఆమె భర్తే చెప్పాడు. ఆ మధ్యాహ్నం తోటలో ఉన్నాడు కాబట్టి నేను వచ్చి వెళ్ళిన సంగతి ఆయనకు తెలియదు. తెలిసిన ఒకే ఒక మనిషికి మాట లేదు.

విచారణకు అధికారి మా కేంద్రానికి వచ్చాడు. ఆశా కార్యకర్త ముందు కార్డు పెట్టాడు.

"పేరు నాదే సార్. రాత నాది కాదు. ఆ దినం నేను మాలూరులో ఉండాను."

"ఎవర్ని అడిగి వెళ్ళావు?"

"మా సార్‌కి చెప్పే పోయినాను."

అధికారి నావైపు తిరిగాడు. ఆమె కూడా తిరిగింది. "నాకు గుర్తు లేదు సార్. కార్డులో ఉన్నదే నాకు తెలుసు" అన్నాను. రాత ఎవరిదని ఎవరూ పోల్చి చూడలేదు. రెండు సంఖ్యలు, ఒక పేరు. అందులో పోల్చడానికి పెద్దగా ఏమీ లేదు కూడా.

ఊళ్ళో లేకపోయినా చూసినట్టు రాసిందని ఆమెను పనిలోంచి తీసేశారు. అంతకు ముందే ఊళ్ళో ఇళ్ళ తలుపులు ఆమెకు మూసుకుపోయాయి. బిడ్డకు సూది వేయించమని చెప్పడానికి ఒక ఇంటికి వెళ్తే, "మా బిడ్డకూ చూడకుండానే రాసేస్తావా?" అందట ఆ తల్లి. కొన్నాళ్ళకు కోలారు దగ్గర నరసాపురంలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో చేరి కంపెనీ బస్సులో పోయి వస్తూ ఉండేది. ఆ విడత ప్రోత్సాహకం నాకు పూర్తిగా వచ్చింది. తీసుకున్నాను.

మూడేళ్ళు గడిచాయి. ఒకరోజు ఆ ఇంటావిడ భర్త చెయ్యి పట్టుకుని కేంద్రానికి వచ్చింది. అప్పటికి మాట ముక్కలు ముక్కలుగా తిరిగి వచ్చింది. కుర్చీలో కూర్చుని ఎడమచెయ్యి నా బల్ల మీద పెట్టింది.

"ఇప్పుడు... చూడప్పా. పురుగు లేదు."

భర్తకు అర్థం కాలేదు. "ఏందేందో అంటాది సార్, పట్టించుకోవద్దండి" అన్నాడు. నేను బీపీ చూశాను. రెండుసార్లు చూశాను. ఆమె నా ముఖంలోకే చూస్తూ కూర్చుంది.

ఆ ఆదివారం ఆశా కార్యకర్త ఇంటికి వెళ్ళాను. బయట క్యాంటీన్ యూనిఫారం ఉతుకుతోంది.

"రండి సార్. చూడను వచ్చినారా, రాయను వచ్చినారా?"

నిలబడే చెప్పాను. ఆమె ఉతకడం ఆపలేదు.

"నాకు తెలీదా సార్? నేను లేని దినం నా పేరు ఇంగెవరు రాస్తారు? నాకు చెప్పి ఏం లాభం?"

"ఆఫీసుకు రాసిస్తానమ్మా."

"రాయండి. రాసేది మీకు బాగా వచ్చు కదా. ముందు నా ముఖం మీద తలుపు వేసినోళ్ళకు చెప్పండి. పొద్దున ఆరుకు పాలడైరీ కాడ అందరూ ఉంటారు."

మర్నాడు ఆరుకు వెళ్ళాను. క్యాన్లు పట్టుకుని ముప్పై మంది దాకా వరుసలో ఉన్నారు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "ఆ బీపీ రాసింది నేను" అన్నాను. ఏ బీపీ అని ఎవరో అడిగారు. మొత్తం చెప్పాను. మాలూరుకు వెళ్ళమన్నది నేనే అని, అధికారి ముందు గుర్తు లేదన్నది కూడా.

"చదువుకున్నోడివి, నీకేం వచ్చినాదప్పా?" అంది ఒక ముసలమ్మ. పాలు కొలిచే అతను మాత్రం కొలుస్తూనే ఉన్నాడు. తన బిడ్డ సూది గురించి అప్పుడు మాట అన్న మనిషి వరుసలోనే ఉంది. తల వంచుకుని క్యాన్ మూత బిగించింది.

ఆ ఇంటావిడ భర్త వరుస చివర ఉన్నాడు. నా దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను.

"ఆ దినం నా పెండ్లానికి బీపీ ఎంత ఉన్నింది?"

"తెలియదప్పా. చూడలేదు."

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఆశా ఆయమ్మ నంబరు కోపంతో తీసేసినాను. నీ కాడ ఉండాదా?"

చెప్పాను. ఒక్కొక్క అంకె నొక్కుకుని, క్యాన్ కింద పెట్టి, డైరీ గోడ అవతలికి వెళ్ళి ఆమెతో మాట్లాడాడు. ఏం మాట్లాడాడో నాకు వినపడలేదు.