ఈకల చక్రాల బండి

ఆ రోజుల్లో మా ఉద్దానం వైపు కొత్త బండి కొన్నవాడి సంబరం ఒక్క వానాకాలం దాటితే గొప్ప. సముద్రం గాలి ముందు రిమ్ములని పట్టుకునేది, తరవాత చువ్వల్ని, ఆ తరవాత యజమాని ముఖాన్ని. ఎవడైనా కొత్త బండి మీద ఊళ్లోకి వస్తే మా పెద్దవాళ్లు ఇంజను గురించీ మైలేజీ గురించీ అడిగేవారు కాదు. వంగి, రిమ్ము మీద వేలితో రాసి, ఆ వేలు చూసుకుని, "ఇంకా అట్టుకోలేదురా తుప్పు, అట్టుకుంటాది" అని దీవించి పోయేవారు. ఇప్పుడంటే అందరికీ అల్లాయ్ చక్రాలు వచ్చేశాయి, తుప్పు బాధ చాలావరకు తగ్గింది. నాకు మాత్రం ఆ తుప్పు మీద ఇప్పటికీ కాస్త గౌరవమే. నా మొదటి ఉద్యోగం దానివల్లే వచ్చింది మరి. (మా ఆవిడ ఈ మాట ఒప్పుకోదు. ఆవిడ లెక్కలో నా ఉద్యోగం ఒక కోడి పెట్టిన భిక్ష. మీరే చదివి తేల్చండి.)

అప్పటికి నా డిగ్రీ అయిపోయింది. సంతబొమ్మాళి అవతల సముద్రానికి దగ్గర్లో మా మావ ఇంట్లో ఉంటూ, కొబ్బరిచెట్ల నీడలో మంచం ఆ నీడతోపాటు జరుపుకుంటూ బతికేవాణ్ణి. ఈ సుఖం మా నాన్న కంట్లో పడింది. చెన్నైలో తెలిసినవాళ్ల గోడౌనులో పనికి మాట్లాడేసి, బయల్దేరమన్నాడు. మా ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లందరూ అలా వెళ్లినవాళ్లే, కొత్తేమీ కాదు. కానీ నాకు ఊరు వదలాలంటే ఏడుపు వచ్చేది. మీసం వచ్చిన మగాణ్ణి, డిగ్రీ చదివినవాణ్ణి, నిజంగానే ఏడుపు వచ్చేది. సరిగ్గా అప్పుడే టెక్కలిలో రొయ్యల మేత అమ్మే ఒక షావుకారు, చెరువుల వెంట తిరిగి రైతుల్ని కలిసేందుకు ఒక మనిషి కావాలన్నాడని తెలిసింది. పరుగెత్తాను. ఆయన నా చదువు సంగతి అడగలేదు. "సొంత బండుందేటి?" అన్నాడు. ఉందన్నాను. "సోమారం నాడు ఆ బండేసుకుని రా, సూత్తాను. మనిషి సంగతి సక్రాలు సెప్పీత్తాయి," అన్నాడు. మా నాన్న కూడా దిగొచ్చి, సోమవారం ఉద్యోగం వస్తే ఊళ్లో ఉండు, లేకపోతే మంగళవారం రైలెక్కు అని తేల్చేశాడు.

బండి ఉందన్నానే గానీ, ఉన్నది మా మావది. కొబ్బరిపీచు వేసే పాకలో చాలాకాలంగా గోడకి ఆనుకుని తపస్సు చేస్తోంది. ఇంజను బంగారం, తన్నగానే పలికింది. చక్రాలు మాత్రం చూడ్డానికి లేవు. రిమ్ములు ఎర్రమట్టి పూసినట్టున్నాయి, వెనక టైరు నా అరచేయంత నున్నగా ఉంది. "నడిపితే నీదేరా, నాకేటి," అన్నాడు మావ ఉదారంగా. మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లవచ్చు కదా అని మీరంటారు. నాకు అప్పట్లో ఒక జబ్బుండేది. ఫోన్లో ఏదో వీడియో చూశానంటే ఆ పని నాకు వచ్చేసిందనుకునేవాణ్ణి. (ఆ జబ్బు పూర్తిగా నయమైందని చెప్పలేను. మొన్న మా ఇంట్లో మిక్సీ సంగతి ఎవరూ నన్ను అడగొద్దు.)

శనివారం కాశీబుగ్గ వెళ్లి వెనక చక్రానికి కొత్త టైరు తెచ్చాను. ఉన్నదానికంటే లావుది. లావు టైరు వేసిన బండి వెనకనుంచి చూస్తే మగతనంగా ఉంటుందని ఆ వీడియోలో ఒకాయన చెప్పాడు. పాత టైరు విప్పడానికి ఇనప పట్టీలు లేక మా అత్త అట్లకాడ తీసుకున్నాను. టైరు ఊడి వచ్చింది గానీ అట్లకాడ వంగి, కొడవలి తిరిగినట్టు తిరిగింది. చెట్టంత మనిషి, మా అత్త, దాన్ని చేత్తో పట్టుకుని నా వైపు ఒక్క చూపు చూసి లోపలికి వెళ్లిపోయింది. ఆమె తిట్టకపోతేనే మేము భయపడేవాళ్లం. లావు టైరు ఎక్కించి తిప్పి చూస్తే చైను కవరుకి రాసుకుని కీచుమంటోంది. సుత్తి పెట్టి కవరుని లోపలికి కొట్టాను, కీచు తగ్గి కుయ్‌మంది. అది చాలనుకున్నాను. తరవాత సాండుపేపరు, చింతపండు, బూడిద అన్నీ కలిపి రిమ్ముల్ని సాయంత్రం దాకా తోమాను. తుప్పు పోయి కింద తెల్లగా ఇనుము కనబడితే, నిజం చెప్పొద్దూ, ఆ రిమ్ముని ముద్దు పెట్టుకున్నాను.

ఇక రంగు వేయాలి. ఆ సమయానికి మా పడవ బావ వచ్చాడు. పడవ బావంటే పక్క పేటలో ఉంటూ చేపల వేటకెళ్లే స్నేహితుడు, నాకు చుట్టమేమీ కాదు, మా వైపు ఇష్టమైనవాడు ఎవడైనా బావే. వాడు రంగు డబ్బా చూసి నవ్వాడు. "ఈ రంగు మన గాలికి ఆగుతాదేటి బావా? రెండు వానలకి పొక్కిపోద్ది. మా పడవకి ఏటి రాత్తామో తెల్సా? జీడినూని. పలాస నుంచి డబ్బా తెత్తాం. ఒకపాలి రాసీసినావంటే ఉప్పునీరు దరికి రాదు."

"పడవ చెక్క కదా బావా, ఇది ఇనుము," అన్నాను. ఆ మాత్రం తెలివి ఉన్నందుకు ఇప్పటికీ నన్ను నేను మెచ్చుకుంటాను.

"సెక్కకి పనికొచ్చింది ఇనుముకి రాదేటి? ఇనుము ఇంకా గట్టిది కదేటి?" అన్నాడు బావ. ఈ వాదనకి నా డిగ్రీ తల ఊపింది, బావ ఆ రాత్రే తన పడవకి వాడగా మిగిలిన జీడినూనె డబ్బా తెచ్చిచ్చాడు.

జీడిపిక్కల పెంకుల్లోంచి తీసే ఆ నూనె చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుందని మా వైపు చంటిపిల్లకైనా తెలుసు. నాకూ తెలుసు. అందుకే ఆదివారం పొద్దున్న, ఇంట్లో అందరూ చర్చికి వెళ్లాక, చేతులకి ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని మణికట్టు దగ్గర రబ్బరుబ్యాండ్లు వేసుకుని పనిలోకి దిగాను. రంగులో జీడినూనె కలిపి రిమ్ములకీ చువ్వలకీ పట్టించాను. నల్లగా, నిగనిగలాడుతూ, ఏం అందం! అంత జాగ్రత్తపరుణ్ణీ ఒక్కటే మరిచిపోయాను. మనిషికి ముక్కు దురద పెడుతుంది. చేతికి సంచి ఉంది, సంచికి నూనె ఉంది, ముక్కుకి ఏమీ లేదు. ఆ తరవాత చెమట పడితే కన్ను తుడుచుకున్నాను. చెవి వెనక కూడా ఎప్పుడు గోక్కున్నానో నాకు తెలియదు. చక్రాలు రెండూ పెరట్లో పనస కొమ్మకి తాళ్లతో వేలాడదీసి, ముఖం కడుక్కుని, గొప్ప పని చేశానని పడుకున్నాను.

లేచేసరికి పెరట్లో మా మావ కోడిని పీకుతున్నాడు. ఆ రోజు చర్చి అయ్యగారు మా ఇంటికి భోజనానికి వస్తున్నారు. మా మావ కోడిని వేడినీళ్లలో ముంచనివ్వడు. పొడిగానే ఈకలు పీకి, కొబ్బరిమట్టల మంట మీద కాలిస్తేనే రుచి అంటాడు. పీకిన ఈకలు పీకినట్టు గాల్లోకి లేచాయి. మధ్యాహ్నం సముద్రం గాలి మొదలైంది. పక్కనే పాకలో పీచుకుప్ప. నేను చూసేసరికి నా చక్రాలు నల్లగా లేవు. గోధుమరంగు, తెలుపు, అక్కడక్కడ ఎరుపు ఈకలు, మధ్యమధ్య పీచు. గాలికి రెండు చక్రాలూ మెల్లగా తిరుగుతూ, ఎగరడానికి సిద్ధంగా ఉన్నాయి.

"మావా!" అని అరిచాను. మా మావ తలెత్తి చక్రాలు చూసి, తరవాత నన్ను చూసి, చేతిలో కోడిని వదిలేశాడు. లోపల్నుంచి అత్త పరుగెత్తుకొచ్చింది.

"ఓలమ్మా! ఏటిరా ఆ మొకం? తేనెటీగలు కుట్టీసినాయేటి?"

అప్పుడు అద్దం చూసుకున్నాను. ముక్కు ముఖంలో సగం ఆక్రమించింది. ఒక కన్ను గీతలా ఉంది. నాకు తెలియకుండా ఇంకెవడో నా చొక్కా వేసుకుని అద్దంలో నించున్నాడు. అత్త తిడుతూనే కొబ్బరినూనె రాసింది, రాస్తూనే తిట్టింది. "ఆదివారం పూట సర్చికి రాకుండా సక్రాలకి జీడి రాత్తావేటి? రేపు ఆ షావుకారు సూసి జడుసుకోడేటి?" భోజనానికి వచ్చిన అయ్యగారు నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ముఖం కోసం మొదలుపెట్టి, మా మావ చెప్పడంతో చక్రాల్ని కూడా కలిపారు. ప్రార్థన మధ్యలో ఆయన గొంతు వణికింది. భక్తి అనుకున్నాను. అది నవ్వు అని తరవాత తెలిసింది.

కిరసనాయిలు పెట్టి తుడిస్తే ఈకలు రాలేదు సరికదా, ఇంకా హత్తుకున్నాయి. వేరే చక్రాలు లేవు, ఇంకో బండి లేదు, రైలు మాత్రం ఉంది. సోమవారం పొద్దున్నే ఆ చక్రాలే బిగించుకుని బయల్దేరాను. దారి పొడుగునా ఆ జిగురు చక్రాలు దొరికినదల్లా ఎత్తుకున్నాయి. సరుగుడు ఆకు, ఇసక, ఎవరి తలలోంచో రాలిన చామంతి రేకు. వెనక టైరు కుయ్ కుయ్‌మంటోంది. పిల్లలు వెంటపడ్డారు, కుక్కలు మాత్రం భయపడి తప్పుకున్నాయి. ఒక చెరువు దగ్గర ముఖం మండిపోతుంటే ఆపి, కాలవ నీళ్లు చల్లుకుని, బండి అద్దంలో చూసుకున్నాను. ఈ ముఖంతో, ఈ చక్రాలతో ఎవడిస్తాడు ఉద్యోగం? మా ఊరు ఇంక లేదు నాకు, అనుకున్నాను. అక్కడ కాసేపు ఆగి మళ్లీ బయల్దేరాను.

షావుకారు దుకాణం ముందు అప్పటికే కొందరు కుర్రాళ్లు తళతళలాడే బండ్లతో ఉన్నారు. ఆయన వాళ్లలో ఒకణ్ణి నిలదీస్తున్నాడు. "అందరూ ఇలగే తెత్తారు మెరిసీ బళ్లు. ఎనకట పనిసేసినోడూ తెచ్చినాడు. టీకొట్టు కాడ కూసుని, సెరువు గట్టు మీదున్నానండీ అని ఫోన్లో సెప్పీవోడు. ఎనకాల్నుంచి బస్టాండు మైకు ఇనబడీది." అంతలో నా కుయ్ కుయ్ ఆయన చెవిన పడింది. తల తిప్పాడు.

"ఇయ్యేటి?"

"చక్రాలండి."

"సక్రాలని తెల్సు. ఆటి మీదియ్యేటి?"

"ఈకలండి."

ఇక దాచి లాభం లేదని తుప్పు దగ్గర్నుంచి కోడి దాకా అంతా చెప్పేశాను. కుర్రాళ్లు పొట్టలు పట్టుకున్నారు. షావుకారు నవ్వలేదు. జేబులోంచి ఫోను తీసి, మా దారిలో చెరువున్న రైతుకి కలిపి, స్పీకరు పెట్టాడు. "ఏటోయ్, పొద్దున్న మీ రోడ్డమ్మట ఈకల సక్రాల బండేదైనా ఎల్లిందేటి?"

"ఎల్లిందండి బాబూ! ఎల్లకపోడమేటి! మా సెరువు కాడే ఆపినాడు. కాలవలో మొకం కడిగినాడు. అద్దంలో సూసుకుని ఏడిసినాడు కూడానండి పాపం. ఎవులండీ ఆ గుంటడు?"

భూమి బద్దలైతే బాగుండుననిపించింది. షావుకారు ఫోను పెట్టేసి నా ముఖంలోకి చూశాడు. "ఏడిసినావేటి?"

"జీడి మంటండి," అన్నాను. వెంటనే నాకే మనసాగలేదు. "కాదండి. ఈ పని రాకపోతే రేపు చెన్నై రైలెక్కాలండి. నాకు ఊరొదిలి వెళ్లడం ఇష్టం లేదండి."

ఆయన లేచి వచ్చి, వెనక చక్రం చుట్టూ తిరిగి, ఒక ఈకని పట్టుకుని లాగి చూశాడు. అది రాలేదు. అప్పుడు నవ్వాడు, కడుపులోంచి. "ఒరే, నువ్వు ఎల్లకపోతే ఎల్లినానని సెప్పలేవు. ఎక్కడ ఆగినా నాకు తెలిసిపోద్ది. రేపట్నుంచి పనిలోకి ఒచ్చీ. ఒకటే షరతు. ఆ ఈకలు పీకకూడదు."

వాపు వారంలో తగ్గింది. చక్రాలు మా ఎండకి ఎండి రాయిలా గట్టిపడ్డాయి, ఈకలతో సహా. వానలకి కొన్ని రాలిపోతే అత్త చేత కోడి ఈకలు దాచిపెట్టించి మళ్లీ అతికించేవాణ్ణి. (ఆదివారం ఈకలకి మా ఇంట్లో నాదే మొదటి హక్కు.) నన్ను చూసి "ఈకల బాబొచ్చినాడర్రోయ్" అని గట్ల మీద పిల్లలు కేకలేసేవారు, రైతులు మంచం వాల్చేవారు. మొదట్లో సిగ్గేసేది. తరవాత్తరవాత ఆ కేక వినబడని రోజు చెరువు బోసిగా ఉండేది. మంగళవారం రైలు నేను లేకుండానే వెళ్లింది, నేను మళ్లీ ఏ రైలు కోసమూ ఏడవలేదు.

ఇప్పుడు సొంతంగా మేత వ్యాపారం. కారులో తిరుగుతున్నాను, చక్రాలు తళతళలాడతాయి. మొన్న ఒక చెరువు గట్టున దిగితే ముసలి రైతొకాయన మంచం మీంచి లేవకుండానే, "ఎవులు బాబూ తమరు?" అన్నాడు. పేరు చెప్పాను. తెలియలేదు. వ్యాపారం పేరు చెప్పాను. తల ఊపి చెరువు వైపు తిరిగాడు. కాస్త తటపటాయించి, "ఈకల బండి" అన్నాను. ఆయన ముఖం విచ్చుకుంది. "ఓరోరి! నువ్వా నాయనా! బండి తేకుండా ఒచ్చీసినావేటి?" అంటూ లేచి, పక్కకి జరిగి మంచం మీద చోటిచ్చాడు. నా మెరిసే కారు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నేను కూడా చూడలేదు.