మద్దిలేటి టేపులోని గొంతు

కౌల్ బజార్‌లో మైకు సెట్టు మద్దిలేటి దుకాణం ఎక్కడని అడిగితే ఆటోవాళ్ళు బండి ఆపకుండానే చెయ్యి చూపిస్తారు. బోర్డు మీద వాళ్ళమ్మ పేరుంటుంది, తిమ్మమ్మ సౌండ్స్ అని. సంగనకల్లులో కూలికి పోయే ఇంట పుట్టి, పదిహేనో ఏట ఒక మైకు సెట్టాయన వెంటబడి పని నేర్చుకుని, పాతికేళ్ళకు సొంత ఆంప్లిఫయరు పెట్టుకున్న మనిషి. ఇప్పుడు యాభై రెండు. పెళ్ళిళ్ళు, ఉరుసులు, ఎలక్షన్ మీటింగులు, ఏ గొంతైనా ఆయన డబ్బాల గుండానే ఊళ్ళోకి పోవాలి. అయినా బళ్ళారిలో ఆయనకున్న గౌరవం వీటివల్ల వచ్చింది కాదు. ఒక క్యాసెట్టు వల్ల వచ్చింది.

ఆ క్యాసెట్టులో ఉన్నది చక్రధర్ గొంతు. చక్రధర్ లారీలూ భూములూ ఉన్న ఇంటి కొడుకు. కుర్రతనంలో గిటార్లు, డ్రమ్ములు వాయించే నలుగురిని పోగేసి ‘ఎర్రమన్ను’ అని బ్యాండు పెట్టాడు. గనుల దుమ్ము గురించీ, లారీ డ్రైవర్ల గురించీ సగం తెలుగు, సగం కన్నడం కలిపి రాక్ పాటలు పాడేవాడు. వీడు పాడతున్నాడా, ఎవరినైనా తిడతున్నాడా అని వాళ్ళ నాయన లారీ ఆఫీసుకు వచ్చినవాళ్ళందరినీ నిజంగానే అడిగేవాడు. 2003లో కాలేజీ మైదానంలో వాళ్ళ మొదటి కచేరీ జరిగింది. మైకు సెట్టు మద్దిలేటిది, రికార్డు చేసిందీ ఆయనే. ఆ టేపులో ‘దుమ్ము పాట’ చివర చక్రధర్ గొంతు ఎక్కడికో ఎక్కి కూర్చుంటుంది. దాని నకళ్ళు హొసపేట, గుంతకల్లు, అనంతపురం దాకా పోయాయి. తర్వాత ఫోన్లలోకి ఎక్కాయి.

అక్కడి నుంచి మొదలైంది తగాదా. ఆ తర్వాత చక్రధర్ ఎన్ని కచేరీలు చేసినా, ఎన్ని రికార్డింగులు బయటికొచ్చినా, ఆ ఎత్తు మళ్ళీ దొరకలేదు. ఆదివారం ఆదివారం పదిగంటలకు అభిమానులు మద్దిలేటి దుకాణంలో చేరతారు. పద్ధతి ఒకటుంది: ఒకే పాటను 2003 బళ్ళారిది, 2011 హొసపేటది, 2019 అనంతపురంది వరసగా పెట్టాలి, కళ్ళు మూసుకుని వినాలి, విన్నాకే నోరు తెరవాలి. నోరు తెరిచాక మూయడానికి మాత్రం పద్ధతేమీ లేదు. టైర్ల దుకాణం దేవప్ప ఒక పక్షం. గొంతు 2003లోనే చచ్చిపోయిందనీ, తర్వాత పాడుతున్నది దాని నీడేననీ ఆయన తీర్పు. సత్యనారాయణపేట నుంచి వచ్చే ఫిజిక్స్ లెక్చరర్ అనుపమ ఇంకో పక్షం. గొంతు దిగలేదు, చిక్కబడిందంటుంది. ఇద్దరికీ మధ్య మద్దిలేటి టీలు తెప్పిస్తూ, ఏమీ తెలియని మనిషిలా వైర్లు చుట్టుకుంటూ ఉంటాడు.

అసలు క్యాసెట్టు స్టీలు డబ్బాలో ఉంటుంది. ఎవరూ దాన్ని వేసి వినరు. అరిగిపోతుందని భయం. ఆయుధపూజ నాడు ఆంప్లిఫయర్లతో పాటు దానికీ కుంకుమ బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, మళ్ళీ డబ్బాలో పెడతారు. వినకుండా పూజ చేయడం అందరికంటే ఎక్కువ కలిసొచ్చింది మద్దిలేటికే.

ఎందుకో చెప్పాలి. మనవైపు బయలాటలు, అంటే వీధినాటకాలు, తెల్లవార్లూ సాగుతాయి కదా, మద్దిలేటి వాటినీ టేపు చేసేవాడు. ఒక పక్కకు ముప్పై నిమిషాలు పట్టే క్యాసెట్టు సరిగ్గా రాక్షసుడు చావబోయే సమయానికి అయిపోయేది. టేపు తిరగేసేలోపు వాడు చచ్చి ఊరుకునేవాడు. ఆటగాళ్ళు తిట్లన్నీ మైకు సెట్టువాడికే దాచి ఉంచేవాళ్ళు. అందుకని మద్దిలేటి రికార్డరు వెనక బెజ్జంలోంచి మోటారు మర కొంచెం వదులు చేసేవాడు. టేపు మెల్లగా నడుస్తుంది, రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, రాక్షసుడు నింపాదిగా చస్తాడు. మర ఎంత తిప్పాలో గుర్తుండడానికి భార్య సిద్దక్క గోళ్ళరంగుతో రెండు ఎర్ర చుక్కలు పెట్టుకున్నాడు. ఒకటి మామూలు చుక్క, ఒకటి బయలాట చుక్క. చిక్కల్లా ఏమిటంటే, మెల్లగా ఎక్కించిన టేపును వేరే రికార్డరులో మామూలుగా తిప్పితే, అందులోని మనుషులంతా కొంచెం తొందరగా, కొంచెం కీచుగా పలుకుతారు. బయలాటలో అది ఎవరికీ పట్టేది కాదు.

2003 కచేరీ నాడు కాలేజీ మైదానానికి మద్దిలేటి సంగనకల్లు బయలాట నుంచి నేరుగా వచ్చాడు. మర వెనక్కి తిప్పడం మరచిపోయాడు.

రెండు రోజులకు సంగతి తెలిసింది. అప్పటికే నలభై నకళ్ళు పోయాయి. నకళ్ళు తీసే డబ్బింగ్ దుకాణాల్లో పాట, హార్మోనియంతో పోల్చి చూస్తే, సరిగ్గా ఒక మెట్టు పైన పలుకుతోంది. చెప్పేద్దామనే బయలుదేరాడు. ఇంతలో చక్రధరే బజారులో ఎదురొచ్చాడు, నకలు విని వస్తున్నాడు. నా గొంతు ఇంత పైకి పోతుందని నాకే తెలీదు మద్దిలేటీ అని నడిబజారులో గట్టిగా కావలించుకున్నాడు. లారీలున్న ఇంటివాళ్ళు మద్దిలేటిని అప్పటిదాకా గేటు దగ్గర నిలబెట్టి మాట్లాడినవాళ్ళే. ఆ చేతుల మధ్య ఉండగా మర గురించి ఎవరు మాట్లాడతారు? రేపు చెబుదామనుకున్నాడు. ఆ రేపు ఇరవై రెండేళ్ళయింది.

ఈ ఏడు పాత మైదానంలోనే ఎర్రమన్ను కచేరీ పెట్టుకున్నారు. అభిమానుల వాట్సాప్ గ్రూపులో దేవప్ప తన నీడ సిద్ధాంతం మళ్ళీ రాశాడు, నాలుగువందల మంది బొటనవేలు చూపించారు. అది చూసి చక్రధర్ అందరికీ వినబడేట్టు మాటిచ్చేశాడు: దుమ్ము పాట 2003లో పాడిన శ్రుతిలోనే పాడతాను.

కచేరీకి పన్నెండు రోజులుందనగా, మధ్యాహ్నం పూట, మద్దిలేటి గోదాములో చక్రధర్ సాధన పెట్టుకున్నాడు. శ్రుతి ఒక మెట్టు పెరగడానికి గిటారు మెడకు క్లిప్పు బిగించారు. మొదటిసారి చివరి ఎత్తు దగ్గర గొంతు జారింది. రెండోసారి ఎక్కింది కానీ పగిలింది. మూడోసారి చక్రధర్ మెడ నరాలు తాళ్ళలా లేచాయి, పాట మధ్యలో ఆగిపోయింది, ఒంగి చేతిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తీసి చూసుకుని గబుక్కున మడిచాడు. మద్దిలేటి మాత్రం చూశాడు. గుడ్డలో ఎర్రటి చార.

తక్కినవాళ్ళు టీకి పోయాక చక్రధర్ మెల్లగా చెప్పాడు. బెంగళూరు డాక్టరు గొంతులో చిన్న గడ్డ ఉందన్నాడట. పై స్థాయిలో అరిస్తే అది చిట్లుతుంది, అప్పుడు పాటే కాదు, మాటా ఉండకపోవచ్చన్నాడట.

“మరి ఏలప్పా ఇది? కింద శ్రుతిలో పాడు,” అన్నాడు మద్దిలేటి.

“ఒకప్పుడు ఎక్కిన మెట్టే గదా. కొత్తగా ఎక్కమంటాండారా నన్ను? ఒక్కసారి ఎక్కి చూపిస్తే ఆయ్తు, చాలు.”

మద్దిలేటి స్పీకరు డబ్బా మీద లేని దుమ్ము తుడవసాగాడు.

ఇంటికి పోయి సిద్దక్కకు చెప్పాడు. ఆమె బియ్యం ఏరుతున్న చేట కింద పెట్టింది. ఇన్నేళ్ళూ ఆ చుక్కలు తన గోళ్ళరంగువి కాబట్టి పాపంలో తనకూ వాటా ఉందని ఆమె లెక్క.

“నీ పరువు పోతే ఈ బజార్లో నాలుగు దినాలు నవ్వుతారు. ఆయప్ప గొంతు పోతే యాడ తెచ్చిస్తావ్?”

మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని లారీ ఆఫీసుకు పోయాడు. చక్రధర్ కుర్చీ చూపించాడు, కాఫీ తెప్పించాడు. మద్దిలేటి కాఫీ తాగాడు. కచేరీకి ఎన్ని బాక్సులు కావాలని అడిగాడు. ఎన్నో ముందే తెలుసు, రాసిచ్చిందే తాను. ఇంకో కాఫీ తాగాడు. లేచి వచ్చేశాడు. అలా మూడు రోజులు పోయాడు. నాలుగో రోజు గుమాస్తా చక్కెర తగ్గించిన కాఫీ తెచ్చాడు, రోజూ వచ్చే మనిషి ఆరోగ్యం చూసుకోవాలి కదా అని.

ఆ సాయంత్రమే అనుపమ దుకాణానికి వచ్చి ఫోనులో ఒక ఫోటో చూపించింది. 2003 కచేరీది.

“మద్దిలేటన్నా, ఈడ చూడు. గిటారుకు క్లిప్పే లేదు. మరి శ్రుతి మెట్టు పైన యాట్ల పలికింది?”

“తీగలు బిగించింటారు మేడం,” అన్నాడు మద్దిలేటి. అన్నీ ఒక మెట్టు బిగిస్తే తెగవా అని ఆమె అడిగింది. అప్పటి తీగలు గట్టివన్నాడు. ఆమె ఫోను మూసి ఆయన మొహం కేసి ఒక్క నిమిషం చూసి వెళ్ళిపోయింది. ఊరుకోవడానికీ అబద్ధానికీ మధ్య ఇన్నాళ్ళూ కాపాడుకొచ్చిన సన్నటి గీత ఆ పూట చెరిగిపోయిందని మద్దిలేటికి తెలిసింది. తీగల పేర తాను చెప్పిన సాక్ష్యం కూడా నిలబడేది కాదు. ఆ రాత్రి పాత రికార్డరు దించి, సాగిపోయిన రబ్బరు బెల్టు తీసేసి కొత్తది వేశాడు. ఎందుకని సిద్దక్క అడగలేదు.

కచేరీకి ముందు ఆదివారం. దుకాణంలో ఇరవై మంది దాకా ఉన్నారు. మూడు రికార్డింగులూ విని, దేవప్ప కళ్ళు తెరిచి నీడ గురించి మొదలుపెట్టాడో లేదో, గుమ్మంలో చక్రధర్ కనబడ్డాడు. అందరూ లేచారు. చక్రధర్ నవ్వుతూనే ఉన్నాడు కానీ మెడకు మఫ్లరు చుట్టుకున్నాడు, ఎండాకాలంలో.

“దేవప్పా, నీ తగాదా ఈ పొద్దే తీర్చేద్దాం. ఆ చివరి లైను ఇప్పుడే ఈడనే పాడతా. అందరూ కండ్లు మూసుకోండి.”

గిటారు ఆంప్లిఫయరుకు తగిలించారు, మైకు పెట్టారు. శ్రుతి కోసం ఫోనును కూడా ఆంప్లిఫయరుకే తగిలించి 2003 పాట వేశారు. ఇరవై మంది కళ్ళు మూసుకున్నారు. మద్దిలేటి ఒక్కడే తెరిచి ఉంచాడు. చక్రధర్ మఫ్లరు విప్పాడు. ఫోనులోని గొంతు పైకి పోవడం మొదలుపెట్టింది. చక్రధర్ ఛాతీ నిండా గాలి పీల్చాడు, మెడ నరాలు లేచాయి.

మద్దిలేటి మెయిన్ లాగేశాడు.

ఫ్యాను కూడా ఆగిపోయింది. పీల్చిన గాలి పీల్చినట్టే పట్టుకుని చక్రధర్ తిరిగి చూశాడు. కరెంటు పోయిందా అని ఎవరో అడిగారు.

“నేనే తీసినా. పాడొద్దప్పా. ఆ మెట్టు నువ్వు ఎప్పుడూ ఎక్కిండ్లేదు.”

చెప్పాడు. మర, చుక్కలు, చచ్చే రాక్షసుడు, మరచిపోయిన పొద్దు, అన్నీ. గోడకు చెప్పినట్టు చెప్పాడు, ఎవరి మొహమూ చూడలేదు. అయ్యాక మెయిన్ వేసి, స్టీలు డబ్బా తెరిచి, బొట్ల మీద బొట్లు పడి ఎర్రగా అయిపోయిన క్యాసెట్టు తీశాడు. అరిగిపోతుందన్నా అని దేవప్ప చెయ్యి అడ్డం పెట్టబోయాడు. మద్దిలేటి పాత రికార్డరులో వేసి, చిన్న స్క్రూడ్రైవరుతో మరను బయలాట చుక్క దాకా తిప్పి, నొక్కాడు. రికార్డరు ఒక్క క్షణం మూలిగింది. కదలదేమో అనిపించింది. కదిలింది.

అదే పాట. కానీ పరుగు తగ్గింది. గొంతు నేల మీదికి దిగి నిలబడింది, మందంగా, కొంచెం గరగరగా. ఇరవై మందీ ఆ గొంతును ఎరుగుదురు. హొసపేటలో విన్నదీ, అనంతపురంలో విన్నదీ, ఇప్పుడు మఫ్లరు చేతిలో పట్టుకుని నిలబడినవాడిదీ. అనుపమ గిటారు మెడకున్న క్లిప్పు పీకేసి తీగ మీటింది. టేపులోని గిటారుతో అది అతికినట్టు కలిసింది.

“బెల్టు పాతదయ్యుంటాది, లాగతాండాది,” అన్నాడు దేవప్ప. ఆయన నమ్మితే ఇరవై రెండేళ్ళ ఆదివారాలు ఎవరికి అప్పజెప్పాలి?

“నిన్ననే కొత్తది ఏసినా,” అన్నాడు మద్దిలేటి.

చక్రధర్ వంగి రికార్డరు వెనక ఎర్ర చుక్కలను వేలితో తడిమాడు. 

“ఇరవై రెండేండ్లు నా గొంతు యాడ పోయిందో అని ఎతుకుతాండా,” అన్నాడు చక్రధర్. “పెరుగు మానేస్తి. చల్లనీళ్ళు మానేస్తి. పోయిండేది ఏమీ లేదా? ఆ పొద్దు బజార్లోనే ఏల చెప్పలేదు నువ్వు?”

“చెప్తే ఆ కావలించుకున్న చేతులు తీసేస్తావనుకుంటి, అప్పా.”

చక్రధర్ కోపం మొహం మీదే ఉంది, పోలేదు. కుర్చీ లాక్కుని రికార్డరు పక్కనే కూర్చున్నాడు. టేపు వెనక్కి తిప్పమని వేలితో సైగ చేశాడు. చివరి లైను వచ్చేటప్పటికి, మైకు లేకుండా, టేపులోని ఇరవై ఏడేళ్ళ తనతో కలిసి పాడాడు. అరవలేదు. రెండు గొంతులూ ఒకే చోటికి ఎక్కి, ఒకే చోట ఆగాయి. అందరూ దగ్గు వస్తుందేమోనని చూస్తున్నారు. రాలేదు.

“ఆదివారం ఇదే శ్రుతి,” అన్నాడు లేస్తూ. “నేను పాడేముందర నువ్వు మైకు పట్టుకుని ఇదంతా చెప్పాల. జనం ముందర.”

మద్దిలేటి మొహం పాలిపోయింది. అనుపమ మేడం చెబితే బాగుంటుందేమో, లెక్చరరు కదా, అర్థమయ్యేట్టు చెబుతుందని నసిగాడు.

“మర తిప్పింది మేడమా?”

మద్దిలేటి క్యాసెట్టు తీసి డబ్బాలో పెట్టబోయాడు. చక్రధర్ చెయ్యి చాచి దాన్ని అందుకున్నాడు. ఇది ఇంటికి తీసుకుపోతా, రికార్డరు కూడా ఇయ్యి, మా నాయనకు వినిపించాల అన్నాడు. మద్దిలేటి రికార్డరును గుడ్డలో చుట్టి కారు దాకా మోశాడు. వెనక దుకాణంలో అప్పుడే దేవప్ప గొంతు లేచింది. మర నిజంగానే ఒక మెట్టు తిరుగుతుందా, అర మెట్టేనా అని.