మూడు వరుసలు, ఒకటే ప్లాటు

ఆదోనిలో ఒక ప్లాట్ల బ్రోకరు ఆఫీసులో నాలుగేళ్లు నాది ఒకటే పని. నెట్‌లో అమ్మకానికి పెట్టిన ప్లాట్లన్నీ చూసి, ఎన్ని సెంట్లు, ఏం ధర, యాడుంది అని ఒక్కొక్కటే ఎక్సెల్‌లో కొట్టేదాన్ని. పొద్దంతా పట్టేది. ఎమ్మిగనూరు నుంచి ఒకమ్మాయి కొత్తగా చేరి, వారం తిరక్కముందే ఏదో ప్రోగ్రాం రాసింది. ఆ అమ్మాయి టీ చల్లారేలోపు షీటు నిండిపోయేది. సారు ఆ పిల్లను ఆకాశానికెత్తేసినాడు. నాకు కడుపు మండిపోయింది.

ఒకరోజు ఆ షీటులో మూడు వరుసలు కండ్లబడినాయి. పత్తి జిన్నింగు మిల్లు వెనక, రైల్వే గేటు దగ్గర, చర్చి ఎదురుగా. మూడూ ఒకే ప్లాటు. మా ఊర్లో ఒకే స్థలాన్ని ముగ్గురు బ్రోకర్లు తలా ఒక గుర్తు చెప్పి అమ్మకానికి పెడతారు. నేనైతే ఒకే వరుస రాసేదాన్ని. చూసి కూడా నోరు మెదపలేదు. దానికే తిట్లు పడనీలే అనుకున్నాను.

సారు ఆ షీటు ప్లాటు కొనేదానికొచ్చిన ఆలూరు రైతు ఒకాయనకు ఇచ్చినాడు. మధ్యాహ్నానికి ఆయన ఆఫీసు మీదికొచ్చినాడు.

"మూడు ప్లాట్లంటిరి. ఆటోవాడు ఊరంతా తిప్పి మూడుసార్లూ అదే ముళ్లకంప ముందర దించె కదప్పా!"

సారు మా ఇద్దరి వైపూ చూసినాడు. ఆ పిల్ల లేచి నిలబడి, "అక్కను అడగకుండా ఇచ్చినాను సార్, తప్పు నాదే" అనింది.

అంత సులువుగా అనేసింది. ఆ ప్రోగ్రాం రాసేది తర్వాత నేనూ నేర్చుకున్నాను. ఆ మాట మాత్రం ఈరోజుకీ నా నోట రాలేదు.