నా తరఫున పెంచలయ్య చేసిన ప్రార్థన

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా! సాక్ష్యమంటే సంఘంలో లేచి నిలబడి నోటితో చెప్పవలసింది. నాకు నోరుంది గాని గొంతు లేదు. అందుకే మన సంఘ పత్రికకు రాసి పంపుతున్నాను. మీ ఇంట్లో ఎవరైనా దీన్ని పైకి చదివి నలుగురికీ వినిపిస్తే సంతోషిస్తాను.

నా పేరు శామ్యూలు. నెల్లూరులో వకీలును. పంతొమ్మిదివందల యాభైల చివరి సంవత్సరాల్లో ఈ జిల్లాలో ఏ యజమానికీ కూలివాళ్ళకూ తగాదా వచ్చినా, అది గూడూరు వైపు మైకా గని కావచ్చు, రైసుమిల్లు కావచ్చు, సముద్రపు ఒడ్డున ఉప్పు పండించే కొటారు కావచ్చు, యజమాని మొదట మా గుమ్మమే తొక్కేవాడు. పనిలోంచి తీసేసినవాణ్ణి మళ్ళీ పనిలో పెట్టుకోవాలా, సమ్మె న్యాయమైనదా కాదా, ఇవే నా వ్యాజ్యాలు. యజమానుల తరఫున వాదించాను, చాలావరకు గెలిచాను. అది తప్పని నేను ఇప్పుడు రాయబోవడం లేదు. చట్టంలో ఇరుపక్షాలకూ మాట్లాడేవాడు ఉండాలి, నేను ఒక పక్షాన మాట్లాడాను. సంతోషంగా మాట్లాడాను కూడా! దేవుడు నాకు ఇచ్చిన గొంతు అటువంటిది, అరవనక్కరలేకుండా కోర్టు వసారా చివరిదాకా వినిపించేది. ఆదివారం ఆరాధనలో వాక్యం చదివేవాణ్ణి కూడా నేనే. చదువుతూ ఉంటే నా గొంతు నాకే ఇంపుగా ఉండేది, అది దేవునికీ ఇంపుగానే ఉంటుందనుకునేవాణ్ణి.

అవతలి పక్షాన ఎప్పుడూ నిలబడేది పెంచలయ్య. ఆయన వకీలు కాదు. చిన్నతనం నుంచి మైకా గనిలో పనిచేస్తూ, కూలీల సంఘానికి కార్యదర్శి అయ్యాడు. దేవుడంటే నమ్మకం లేని మనిషి, ఎర్రజెండా మనిషి. నల్లగా, సన్నగా ఉండేవాడు, ఎప్పుడూ దగ్గుతూ ఉండేవాడు. ఆయన్ని గనిలోంచి తీసేసిన వ్యాజ్యంలో యజమాని తరఫున వాదించింది నేనే, ఆయన ఓడిపోయాడు, మళ్ళీ ఆ గనిలో అడుగుపెట్టలేదు. అయినా చట్టం ప్రకారం లేబర్ కోర్టులో వకీలు నిలబడాలంటే అవతలి పక్షం ఒప్పుకోవాలి గదా, ఆయన ఒక్కసారి కూడా కాదనలేదు. "రానియ్యండి సార్, ఆయన లేకుంటే నాకు తోచదు," అని విచారణ జరిపే అధికారితో నవ్వుతూ అనేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. అంతకు మించి మా ఇద్దరికీ స్నేహం లేదు.

సహోదరులారా, ఆ దశాబ్దం దాటి అరవైలు మొదలయ్యాక నా గొంతు బొంగురుపోవడం మొదలైంది. జలుబనుకున్నాను. మిరియాల కషాయం తాగాను, అతిమధురం వేరు బుగ్గన పెట్టుకుని కోర్టుకు పోయాను. ఒకరోజు ఒక సాక్షికి ఎదురు ప్రశ్నలు వేస్తూ ఉండగా ప్రశ్న సగంలో గొంతు ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. సాక్షి నా వైపు చూశాడు, అధికారి చూశాడు. పెంచలయ్య లేచి, "లాయరు గారికి బాగలేదు, వాయిదా వెయ్యండి సార్," అన్నాడు. నా వాయిదా నా ప్రత్యర్థి అడిగాడు!

మద్రాసులో పెద్ద డాక్టరు అద్దం పెట్టి నా గొంతు లోపలికి చూశాడు. తరువాత చెప్పాడు, అది పుండు కాదు కేన్సర్ అని, గొంతుపెట్టె మొత్తం తీసేస్తే బతుకుతానని, తీయకపోతే బతకనని. నా భార్య రూతమ్మ నా చేయి పట్టుకుంది. నేను ఆ బొంగురు గొంతుతోనే, "ప్రభువా, నా మాట తీసుకోకు, కావాలంటే నన్ను తీసుకో," అని అక్కడే, ఆ డాక్టరు ఎదుటే ప్రార్థించాను. సంఘమంతా ఉపవాసముండి నాకోసం ప్రార్థించింది. మన పాస్టరు అయ్యగారు మద్రాసు దాకా వచ్చి నా తల మీద చేతులుంచారు. నేను నమ్మాను సహోదరులారా, నిండుగా నమ్మాను, ఆపరేషను బల్ల మీద పడుకుని కూడా, ఇప్పుడు డాక్టరు చూసి గొంతులో ఏమీ లేదంటాడని ఎదురుచూశాను. కళ్ళు తెరిచేసరికి నా మెడ ముందు భాగాన ఒక రంధ్రం ఉంది, అందులోంచి నా ఊపిరి వస్తూ పోతూ ఉంది. మాట లేదు.

ఇంటికి తిరిగి వచ్చిన తరువాతి చీకటి ఎటువంటిదో ఎట్లా రాయను? యజమానులు వచ్చి పరామర్శించి, తమ కాగితాలు మర్యాదగా అడిగి తీసుకుపోయారు. వాళ్ళను తప్పుపట్టను, మాట్లాడలేని వకీలు ఎవరికి కావాలి! చూడవచ్చినవాళ్ళు నాకు చెవుడు కూడా వచ్చినట్టు పెద్దగా అరిచి మాట్లాడేవాళ్ళు. రూతమ్మను పిలవాలంటే చప్పట్లు కొట్టాలి, ఏమైనా చెప్పాలంటే పలక మీద రాసి చూపించాలి. ఊపిరి ముక్కులోంచి పోదు గనుక వాసన తెలియదు, ఆమె ఎంతో ఇష్టంగా చేపల పులుసు కాచి పెడితే అది నాకు ఉప్పునీళ్ళతో సమానం. స్నానానికి పోయినా భయమే, రంధ్రంలోకి నీళ్ళు పోతాయని. అన్నిటికంటే ఘోరం ఏమిటంటే, ఏడ్చినా చప్పుడు రాదు. పక్క గదిలో ఉన్న భార్యకు నేను ఏడుస్తున్నానని తెలియదు, వచ్చి ముఖం చూస్తే తప్ప.

మన సంఘం గుడికి పోయాను, ఒక ఆదివారం. అందరూ లేచి పాట ఎత్తుకున్నారు. నా చుట్టూ అందరి నోళ్ళూ తెరుచుకున్నాయి, చిన్నపిల్లలు కూడా పాడుతున్నారు. నా స్థలంలో ఇంకెవరో నిలబడి వాక్యం చదివారు. పాట అయిపోకముందే బయటికి వచ్చేశాను, మళ్ళీ పోలేదు. అయ్యగారు వస్తే గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ణి. ప్రార్థన చేద్దామని మోకాళ్ళూనితే లోపల ఒక్క మాట కూడా పుట్టేది కాదు. నేను అడిగింది దేవుడు వినలేదు, ఇక అడగడానికి గొంతు కూడా మిగల్చలేదు, అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం, పాత కక్షిదారును చూసి వస్తానని పలక మీద రాసి రూతమ్మకు చూపించి, బస్సెక్కి సముద్రం ఒడ్డున ఉన్న మైపాడు పోయాను. ఆ అబద్ధం ఎందుకు రాశానో మీరే గ్రహించండి. ఒడ్డున పల్లెకారులు వలలు బాగుచేసుకుంటున్నారు. వాళ్ళను దాటి నీళ్ళలోకి నడిచాను. ఒక అల వచ్చి నా మెడ మీద కొట్టింది, రంధ్రంలోకి ఉప్పునీళ్ళు పోయాయి, చావాలని వచ్చిన నేను ఊపిరి కోసం కొట్టుకున్నాను! మనసు చావమంటే ఒళ్ళు ఒప్పుకోలేదు. పల్లెకారులు పరుగెత్తుకొచ్చి నన్ను ఇసకలోకి లాగి బోర్లా పడుకోబెట్టారు. అక్కడికి పనిమీద వచ్చిన ఉప్పు కొటారు మేస్త్రి ఒకడు నన్ను గుర్తుపట్టి, బండి కట్టించి ఇంటికి చేర్చాడు. రూతమ్మ నన్ను లోపలికి నడిపించింది. తడి బట్టలు విప్పి, నా ఒంటికి అంటిన ఇసకను కొంగుతో తుడిచింది. అది చూసి కూడా నాకు బతకాలనిపించలేదు. అంత దూరం పోయింది నా మనసు.

ఆ మేస్త్రి కూలీల సంఘం మనిషి. అతను చెప్పగా విని, మరుసటి రోజు పెంచలయ్య వచ్చాడు. మా వసారాలో నా మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అందరిలా అరవలేదు, మామూలుగానే మాట్లాడాడు.

"మైపాడులో జరిగింది మావోడు చెప్పినాడు లాయరు గారూ. నేను ఓదార్చేదానికి రాలేదు, అది నాకు చేతగాదు. కాసేపు కూర్చోని పోతా."

అట్లాగే కూర్చుని, దగ్గుకుని, వెళ్ళిపోయాడు. మళ్ళీ వచ్చాడు. వారంలో చాలా సాయంత్రాలు వచ్చేవాడు. ఏ మిల్లులో ఏం జరుగుతున్నదో, కొత్తగా వచ్చిన వకీలు ఎంత తడబడుతున్నాడో చెప్పేవాడు. ఒకనాడు నేను పలక మీద రాశాను: నన్ను చూస్తే మీకు కోపం రాదా, మీ పని పోగొట్టింది నేనే గదా, అని. చదివి తల ఊపాడు.

"వచ్చింది. ఆ పొద్దు శానా కోపం వచ్చింది. ఆ గనిలోనే ఉంటే ఈ దగ్గుతో యీపాటికి పోయుండేవోణ్ణని డాక్టరు చెప్పినాడు. అట్టని మీకు దండం పెట్టను. మీ పని మీరు చేసినారు, నా పని నేను చేసినా."

ఆ మాట నాకు ఎంత మేలు చేసిందో! నన్ను జాలిగా చూడనివాడు ఆ దినాల్లో ఆయన ఒక్కడే.

ఒక సాయంత్రం రూతమ్మ స్త్రీల ప్రార్థన కూటానికి పోయింది. ఆ రోజు నా మనసు మళ్ళీ సముద్రం వైపే లాగుతూ ఉంది. భయమేసి పలక తీసుకుని, ప్రార్థన చేయలేకపోతున్నాను, అని రాసి పెంచలయ్యకు చూపించాను. దేవుడు లేడనే మనిషికి అది ఎందుకు చూపించానో నాకు తెలియదు, దగ్గర ఇంకెవరూ లేరు.

"గొంతు లేకుంటే మీ దేవుడికి వినపడదా?" అన్నాడు, వెక్కిరింతగా కాదు, తెలుసుకుందామన్నట్టు.

ఆయనకు వినపడుతుంది, నాకే వినపడటం లేదు, అని రాశాను.

పెంచలయ్య ఆ పలకను మంచం మీద పెట్టాడు. తరువాత భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, కోర్టులో నిలబడినట్టే లేచి నిలబడ్డాడు. కళ్ళు మూసుకోలేదు. చేతులు జోడించలేదు. ఎదుటి గోడను చూస్తూ ఇట్లా అన్నాడు:

"అయ్యా దేవుడా, నాకు నీ మీద నమ్మకం లేదు. నువ్వు ఉండావో లేవో నాకు తెలవదు. ఈయనకు మాత్రం ఉండావు. ఈయన గొంతు జబ్బు తీసుకునిందో, నువ్వే తీసుకున్నావో, ఆ వ్యాజ్యం ఇప్పుడు ఎత్తను. ఈయన చెప్పుకోలేక పోతా ఉండాడు గనక ఈయన తరఫున నేను చెప్తా ఉండా. ఈ మనిషికి బతకాలని లేదు. సముద్రం దాకా పొయ్యొచ్చినాడు. మాట లేకుండా ఎట్టా బతకాలో ఈయనకు తెలవదు, నాకూ తెలవదు. నీకు తెలిస్తే ఈయనకు చెప్పు..."

ఇక్కడ దగ్గు వచ్చింది. గోడకు చేయి ఆనించి, వంగిపోయి, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా దగ్గాడు. నేను లేచి పట్టుకున్నాను. ఊపిరి తిప్పుకుని, మానేస్తాడనుకుంటే మానలేదు.

"ఈయన్ని వొదలబాక. ఇదే మా మనవి. ఆమేన్ అనాలంట గదా. ఆమేన్."

సహోదరులారా! ఆకాశం తెరుచుకోలేదు, నా గొంతు తిరిగి రాలేదు. నేను ఆ వసారాలో కూలబడి ఏడ్చాను, చప్పుడు లేకుండానే. కానీ నా ప్రార్థన నా చెవులతో విన్నాను. నేను నెలల తరబడి నా దేవునితో అనలేకపోయిన ప్రతి మాటా, నమ్మకం లేని ఒక మనిషి నోటిలోంచి, ఆ దగ్గు మధ్యలోంచి విన్నాను. రూతమ్మ వచ్చేసరికి నాకు ఆకలిగా ఉంది. అన్నం పెట్టమని సైగ చేశాను. ఆమె చారన్నం కలుపుతూ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పెంచలయ్యకు కూడా పెట్టింది. దేవునికే మహిమ!

ఆ తరువాత అంతా వెలుగే అని రాస్తే అది అబద్ధమవుతుంది. ఇప్పటికీ కొన్ని ఉదయాలు మంచం దిగడానికి బలం చాలదు. అయినా నేను మళ్ళీ సముద్రం వైపు పోలేదు. ఒక కుర్ర వకీలు కోర్టులో నిలబడి మాట్లాడుతున్నాడు, వాదన నేను రాసి ఇస్తున్నాను, యజమానుల తరఫునే. గుడిలో పాట జరిగేటప్పుడు అందరితో లేచి నిలబడుతున్నాను.

పెంచలయ్య ఊపిరితిత్తులు మైకా దుమ్ముతో నిండిపోయాయి. రెండు వర్షాకాలాల తరువాత ఆయన మంచాన పడ్డాడు. నేను పోయి పక్కన కూర్చునేవాణ్ణి. చివరికి ఆయనకు మాట్లాడటానికి ఊపిరి చాలేది కాదు, నాకు గొంతు లేదు, ఒకరి చేయి ఒకరం పట్టుకుని ఊరికే ఉండేవాళ్ళం. నేను లోపల ఆయన కోసం ప్రార్థించాను, ఆయన నాకోసం వాడిన మాటలతోనే, వదలవద్దని. ఆయన చనిపోయాడు. ప్రభువును అంగీకరించి పోయాడా అని సంఘంలో కొందరు నన్ను అడిగారు. నాకు తెలియదు. ఆయన చెప్పలేదు. ఆ ప్రశ్న తలచుకుంటే ఈనాటికీ నా గుండె బరువెక్కుతుంది, ఆ బరువు దేవుని ముందు పెట్టి, ఆయన న్యాయాధిపతి, నేను కాను, అని ఊరుకుంటున్నాను.

ఇది చదువుతున్న నా సహోదరుడా, సహోదరీ, నీకూ ప్రార్థన రాకుండా పోయిన రోజు వచ్చి ఉంటే, అది నీ విశ్వాసం చచ్చిపోయిన గుర్తని అనుకోకు. పక్కన ఎవరుంటే వారిని అడుగు, నా తరఫున ఒక మాట చెప్పమని. వాళ్ళు ఎటువంటివాళ్ళో చూడకు, ఎట్లా చెబుతారో చూడకు. దేవుడు వింటాడు, నాకు తెలుసు. అడగడానికి ఎవరూ లేకపోతే మా ఇంటికి రా. సాయంత్రాలు వసారాలోనే ఉంటాను. నేను ఓదార్పు మాటలు చెప్పలేను. రూతమ్మ ప్రార్థన చేస్తుంది, నేను నీ పక్కన కూర్చుంటాను, తరువాత అందరం కలిసి అన్నం తిందాం.